పొగిడితేనే మరుగుతాయి

కరువు రెండో ఏడు. ఊరి గంజికేంద్రానికి సర్కారు పంపిన జొన్నలు వాటి లెక్క చూసే ఓబులేసు ఇంటి కొట్టిడి గదిలో ఉన్నాయి. ఉండాల్సినన్ని మాత్రం లేవు. ఎలుకలు తిన్నాయని ఆయన చెబితే, ఆత్మకూరు రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, ఆరై శాంతయ్య అయ్యో పాపం అని, మర్నాడే రెండు పిల్లుల్ని గంపలో పెట్టి బంట్రోతు చేత పంపించాడు. గంప మూత తీసి, దానికి చెరో పక్కన మొగుడూ పెళ్ళాం కూర్చున్నారు.

"పొగడవే, పొగుడు. గమ్మునుంటే ఎట్ల?"

"పిల్లినా?"

"పిల్లినే. కొత్తగా తెచ్చిన పిల్లిని పొగిడితేనే ఇల్లు మరుగుతుందని మా జేజి చెప్తాండె. పొద్దున ఒకసారి, మాపటేల ఒకసారి, దాని మొగం సూసి దాని గుణాలు దానికి చెప్పాల. లేకుంటే గోడ దూకి పాత ఇంటికి పోతుంది."

"పోతే పోనీ."

"పోతే ఆరైకి ఏం చెప్పేది? ఇవి సర్కారు పిల్లులే నాగలక్ష్మీ. నెల తిరిగినాక ఆదివారం వస్తాడంట, ఎలకలు తగ్గినాయా లేదా సూసేదానికి."

"లేని ఎలకలు యాడ తగ్గుతాయయ్యా?"

"రవ్వంత మెల్లగ మాట్లాడు."

"ఏం, పిల్లులు ఇంటాయనా?"

"గోడలు ఇంటాయి. రా తల్లీ, రా. ఎంత తెల్లగుండావే. పాలనురుగు మాదిరి ఉండావు. ఆ మీసాలు సూడు, ఆ రాజసం సూడు. యా జమీందారు మీసాలూ సాలవు నీ ముందర."

"అది ఆడపిల్లి."

"ఆడపిల్లికి మీసాలుండవా?"

"ఉంటాయి లే. నన్ను ఈ ఇంటికి తెచ్చినపుడు మీ జేజి బతికే ఉండె గదా. కొత్తగా వచ్చినామెను గూడా పొగడాలని నీకు చెప్పలేదా?"

"నిన్నెందుకు పొగిడేది? నువ్వు యాడికి పోతావు?"

"అదే నేననేది. గోడ దూకేదానికే పొగడ్తలు. దూకనోళ్ళకు దోసిలి పేడ."

"ఇప్పుడు అయ్యన్నీ ఎందుకే. ఈ ఎర్రదాన్ని రోలు సుట్టూ మూడు తిప్పులు తిప్పు. నేను కాళ్ళకు నెయ్యి పూస్తా. నెయ్యి నాక్కుంటా ఉంటే, నాక్కున్న తావు మరుగుతుంది."

"నెయ్యా? యా నెయ్యి?"

"ఉట్టిమీద గిన్నెలో ఉండాది గదా."

"అహోబిలం తిరునాళ్ళకు పోయేటోళ్ళు వచ్చి నీ వాకిట్లో కూచుంటే, వాళ్ళ బువ్వలో చుక్క పోయనిస్తివా ఆ నెయ్యి? పిల్లికి బిచ్చం పెట్టనోడని ఊరంతా నీకు పేరు. ఆ పేరు ఈపొద్దుతో పోయింది."

"పోతే మంచిదే గదా."

"పిల్లికి పెడ్తాండావు. ఇంగ మనుషులకు పెడితే పూర్తిగా పోతుంది."

"నువ్వు పొగడతావా, ఎత్తిపొడుస్తావా?"

"రెండూ ఒక నోటితోనే గదా చెయ్యాల. ముందు వీటికి పేర్లు పెట్టనీ. అది సూడు, ఆ తెల్లది. మూలకు పోయి కూచోని, మనమెదురుగా పోతే మొగం తిప్పుకుంటాండాది. దాని పేరు కలెక్టరు. ఇది, ఈ ఎర్రది, ఏం పెడతారా అని మన చేతులు సూస్తాండాది. ఇది తాసిల్దారు."

"నోరు మూసుకో. ఎవురన్నా ఇంటే నన్ను జైల్లో ఏస్తారు."

"పిల్లికి పేరు పెడితే ఏయరు. ఏసేదానికి వేరే ఉండాది, పెరట్లో."

"ఆ మాట ఎత్తొద్దంటి గదా."

"ఎత్తకుంటే లేకుండా పోతుందా? గంజికిచ్చిన జొన్నల మూటలు మన పాతరలోకి పోసి, పైన మన్ను కప్పి, కాళ్ళతో తొక్కినావు. నేనే గదా పక్కన నిలబడి దీపం పట్టుకునింది."

"అది దొంగతనం గాదే. జాగర్త. వచ్చేయేడు గూడా వాన ఎగ్గొడితే మనింటికి గంజి ఎవుడు పోస్తాడు?"

"అందరికీ పోసేటోడే మనకూ పోస్తాడు."

"మన పిల్లోళ్ళు గిన్నె పట్టుకోని వరసలో నిలబడాల్నా?"

"ఊర్లో వాళ్ళ పిల్లోళ్ళు నిలబడలేదా? వాళ్ళ కాళ్ళు కాళ్ళు గావా?"

"కరువు గడప దాకా వచ్చినాక దాచుకుందామంటే దొరుకుతుందా? నేను భయపడి చేసినా. నాకేం సరదానా?"

"భయపడినోడివి మనది దాచుకోవాల. ఊరిది దాచినావు."

"నువ్వు పొగుడు ముందు. ఆ తెల్లది గోడ దిక్కే సూస్తాండాది."

"సరే. కలెక్టరు సారూ, ఇట్ల తిరుగు. నీ అంత నీతి ఈ ఇంట్లో ఎవురికీ లేదు. తిన్నది తినలేదని చెప్పవు. తిననోళ్ళ మీద పెట్టవు."

"అదేం పొగడ్త?"

"దానికి నచ్చింది. కన్ను మూసింది సూడు."

మర్నాటి పొద్దున. రాత్రంతా పిల్లుల్ని కొట్టిడిలో వేసి తలుపు మూసిన ఘనత ఓబులేసుదే.

"ఇంగ తలుపు తియ్యి. చెవులు పగులుతాండాయి."

"ఏడ్చినాయా?"

"ఏడ్చినాయా అంటాండావే. వీధి మొత్తం ఇనింది. పక్కింటి పెద్దక్క వచ్చి, మీ ఇంట్లో పురుడేమన్నా వచ్చిందా అని అడిగిపాయ."

"నువ్వేం చెప్పినావు?"

"కలెక్టరుకు ఆకలైందని చెప్పినా."

"నాగలక్ష్మీ."

"ఏం చెప్పమంటావు మరి? ఎలకలుండే గదిలో పిల్లిని ఏస్తే అది నవ్వుకుంటా తినాల. ఏడ్చిందంటే ఏందర్థం? లోపల ఏమీ లేదని గదా. ఇంగ రెండు పూటలు అట్ల ఏడిస్తే, ఊరోళ్ళే ఆరైకి చెప్తారు."

"నిజమే. ఏడవకూడదు. ఎలకలు తిన్నట్ల లావవ్వాల."

"ఎలకలు లేకుండా?"

"బువ్వ పెడతాం. పాలు పోస్తాం."

"బర్రె వట్టిపోయి నెలలాయ. పాలు యాడివి?"

"ఆ డబ్బా ఉండాది గదా."

"యా డబ్బా?"

"అదే... పాలపొడి డబ్బా."

"అది గంజికేంద్రం పిల్లోళ్ళకిచ్చిందయ్యా. సంకపిల్లోళ్ళకు కలిపి పోయమనిచ్చింది."

"రవ్వంతే గదే. స్పూనుడు. రా నాయనా, రా, ఎర్రోడా. ఎంత సక్కదనం. ఎంత నడక. ఏనుగు నడిచినట్ల నడుస్తావు. తాగు, తాగు. అబ్బ, ఆ నాలుకతో గిన్నె తుడిచేది సూడు, కడిగే పనే లేదు."

"గిన్నె తుడిచేది పిల్లి గొప్పా? గంజికేంద్రానికి రా, సూపిస్తా. ఆడ ప్రతి పిల్లోడూ అట్లనే తుడుస్తాడు. వాళ్ళనెవురూ పొగడరు."

కొన్నాళ్ళకు పిల్లులు బలిశాయి. గంజి కాచే గిడ్డమ్మ జొన్నల కోసం గంప పట్టుకొని వాకిట్లోకి వచ్చేసరికి, ఓబులేసు గొంతుక్కూర్చుని తాసిల్దారుకు బువ్వ కలుపుతున్నాడు.

"ఇంతేనా సామీ ఈపొద్దు?"

"అంతే గిడ్డమ్మా. ఎలకలు తిన్నాయి."

"మళ్ళానా? పిల్లులొచ్చినాయి గదా."

"వచ్చినాక తిన్నది గాదు. రాకముందు తిన్నది ఇప్పుడు బయటపడతాండాది."

"గంజిలో గింజ కనపడ్డం లేదు సామీ. పిల్లోళ్ళు గిన్నెలోకి తొంగి సూసి, వాళ్ళ మొగాలు వాళ్ళకు కనపడితే నగుతాండారు. మాకు గూడా అద్దమొచ్చింది అంటాండారు."

"నగుతాండారు గదా. అంటే బాగుండారన్న మాట."

"అమ్మా, నాగలక్ష్మమ్మా, నువ్వన్నా ఒక మాట చెప్పు."

"నన్నడగొద్దు గిడ్డమ్మా. ఈ ఇంట్లో తాళంచెవి మా ఆయన మొలతాడుకుండాది. మంచి మాటలన్నీ ఆ పిల్లులకు పోతాండాయి. నాకు మిగిలింది ఏమీ లేదు."

"పిల్లులు ముద్దుగనే ఉండాయమ్మా."

"సూసినావా, సూసినావా. గిడ్డమ్మకు గూడా నచ్చినాయి. ఇట్ల రా గిడ్డమ్మా, నువ్వు గూడా రవ్వంత పొగుడు. బయటోళ్ళు పొగిడితే ఇంగా బాగా మరుగుతాయి."

"ఏమని పొగడాల సామీ?"

"ఉన్నదున్నట్ల చెప్పు, సాలు."

"ఉన్నదున్నట్ల అంటే... మా చిన్నోని చేతులకన్నా దీని కాళ్ళు లావుండాయి."

"అది. అదీ పొగడ్తంటే."

"ఎలకలు తినేనా సామీ, ఇంత లావు?"

"ఎలకలే. రేయీ పగలూ ఎలకలే."

"ఎలకలు తింటే మూతికి తెల్లగ పాలపొడి అంటుతుందా?"

"అది... అది పాలపొడి గాదు. సున్నం. గోడకు మూతి రుద్దుకుంటాది."

"మీ గోడలు మన్ను గోడలు గదా సామీ."

"అదంతా నీకెందుకు. ఇంగో సంగతి గిడ్డమ్మా. మీ ఇంటాయప్ప, ఆ ఉరుకుందు, చేన్లలో ఎలకల్ని పడతాడు గదా. కొన్ని పట్టిమ్మను. చచ్చినవైనా పర్వాలేదు."

"మీ కొట్టిడి నిండా ఉండాయంటివి. మా ఎలకలు మీకెందుకు?"

"ఇవి తోకతో సహా మింగేస్తాండాయి. ఆరైకి సూపించేదానికి ఒకటన్నా మిగలాల్నా, వద్దా?"

"చేన్లలో ఎలకలు యాడుండాయి సామీ. అయిపోయి శానా దినాలాయ."

"ఎలకలు అయిపోవడమేంది?"

"ముందు కన్నాలు తవ్వి, అవి దాచుకున్న గింజలు తెచ్చుకోని తిన్యాం. గింజలు అయిపోయినాక వాటినే పట్టి కాల్చుకోని తిన్యాం. ఇప్పుడు ఒకటి దొరికినా మీకెట్ల ఇస్తాడు? ఇంట్లో పిల్లోళ్ళు ఊరుకుంటారా?"

"తిను నాయనా, తిను."

"ఎలక గూడా రవ్వంతే దాచుకుంటాది సామీ. దాని కడుపుకెంతో అంతే. మేమే పాపం దోచుకుంటిమి."

"పో, పో. ఆడ పొయ్యి ఆరిపోతాది."

"పోతా సామీ. పోయొస్తానమ్మా."

"పోయిరా గిడ్డమ్మా. ... ఏమయ్యా, ఇన్యావా?"

"ఏమి ఇనాల?"

"చెవిటోడివి గాదు గదా."

"ఈ కూలోళ్ళ మాటలన్నీ అంతే. రవ్వంత ఉంటే గంపంత చేసి చెప్తారు."

"ఆ బిడ్డను నేను సూసినా. చెయ్యి రోకటి కర్ర గూడా గాదు, ఈనె పుల్ల. ఈపొద్దే పాతర తెరువు. మూటలన్నీ మళ్ళ కొట్టిడిలో ఏసేయ్. లెక్క తప్పినా సారూ అని ఆరైకి చెప్పు. నగి, రెండు మాటలని పోతాడు."

"ఇప్పుడు తెరిస్తే ఊరంతా కనిపెడ్తాది."

"మూసినపుడు కనిపెట్టలేదు గదా."

"నువ్వు నోరు మెదపకుంటే సాలు. ఎవురూ కనిపెట్టరు."

"నేను మెదపను. మొగుని మీద ఊరికి చెప్పే పెంపకం గాదు మాది. కమలాపురంలో మా నాయన నన్ను అట్ల పెంచలా. కానీ నాకు బువ్వ దిగడంలేదయ్యా. ముద్ద నోట్లో పెట్టుకుంటే ఆ బిడ్డ చెయ్యి కనపడ్తాది. నాకు సిగ్గుగా ఉండాది. నీ పక్కన కూచోని తినాలంటే సిగ్గుగా ఉండాది."

"సిగ్గుపడితే కడుపు నిండుతుందా?"

"నిండిన కడుపుకే సిగ్గు రావాల. రాకుంటే ఇంగ మనిషెందుకు."

"ఆదివారం దాటనీ. ఆరై వచ్చి, ఎలకల కింద రాసుకోని పోనీ. తర్వాత సూస్తాం."

"తర్వాత అంటే ఎప్పుడు?"

"తర్వాత అంటే తర్వాతే. పొద్దు వాలుతాండాది, వీటిని పొగడాల. రా నాయనా తాసిల్దారూ, రా."

"నువ్వు గూడా అదే పేరు పిలుస్తాండావే."

"పిలిస్తే వస్తాండాది గదా. ఏం చేసేది."

ఆదివారం ఎండెక్కాక ఆరై శాంతయ్య సైకిలు దిగాడు. మంచం మీద కూర్చుని, టోపీ తీసి విసురుకుంటూ మజ్జిగ అడిగాడు. మంచినీళ్ళు వచ్చాయి.

"ఏమప్పా ఓబులేసూ, మా పిల్లులు మరిగినాయా?"

"మరగడమేంది సారూ, పుట్టింటికి వచ్చినట్లుండాయి. రావే, కలె... తెల్లమ్మా, రా. సారు వచ్చినాడు, దండం పెట్టు."

"పేర్లేం పెట్టినారు?"

"పిల్లులకు పేర్లేముంటాయి సారూ. పిల్లులంతే."

"కలెక్టరు, తాసిల్దారు అని పెట్టినాం సారూ."

"నాగలక్ష్మీ, నువ్వు లోపలికి పో."

"ఉండనీలేప్పా. బాగుండాయమ్మా పేర్లు. మరి ఆరై యాడ?"

"ఆరైని ఇంగా తేలేదు సారూ. ఆ పేరు పెట్టాలంటే ఎలకను పట్టేది గావాల గదా."

"అంటే ఇవి పట్టలేదా?"

"పట్టినాయి సారూ, పట్టినాయి. ఆడోళ్ళ మాటలు మీరు పట్టించుకోవద్దు. ఇవి వచ్చిన కాణ్ణించీ కొట్టిడిలో చప్పుడు లేదు. అంతకుముందు రేయంతా కిచకిచలే. ఇప్పుడు సూది పడినా వినపడుతుంది."

"మా ఆత్మకూరులో ఉన్నపుడు వీటి ఎముకలు లెక్కపెట్టేటట్లుండె. ఇప్పుడు మెడ యాడుండాదో తెలీడంలేదు. ఇన్ని ఎలకలుండెనా నీ కొట్టిడిలో?"

"గుంపులు సారూ. పటాలం మాదిరి."

"ఒక్కదాని తోకన్నా సూపించు."

"అదే సారూ వీటి గొప్ప. తోక గూడా మిగల్చవు. నెత్తుటి చుక్క కింద పడనీవు. తినేది తెలీదు, మింగేది తెలీదు. అంత పనితనం."

"ఎలకకు పిల్లి సాక్ష్యమని సామెత. నీకు గూడా అదే సాక్ష్యం మిగిలింది."

"పిల్లి అబద్ధమాడదు సారూ."

"అది నిజమే. అవునప్పా, మీ పెరట్లో పాతర ఉండాది గదా?"

"ఉండాది సారూ. ఊర్లో ఇల్లింటికీ ఉండాది. ఉంటే ఏం లాభం, ఖాళీ. రెండేండ్ల కిందట ఊడ్చి మూసినాం. మళ్ళ తెరిచిందే లేదు."

"పొద్దున్నుంచి ఊర్లో పాతరలు సూసుకుంటా వస్తాండా. మూసి ఏండ్లయిన దాని మీద మన్ను రాయవుతుందప్పా. గడ్డపారతో కొడితే ఖంగుమంటాది."

"మాదీ అంతే సారూ. రాయే. రండి, సూద్దురు."

"ఈ ఎండలో ఇంగ పెరడు దాకా నా వల్ల గాదు. నువ్వు చెప్తాండావు గదా, సాలు. పోయిన జొన్నలు ఎలకల కింద రాసేస్తా. మిగిలినవన్నా జాగర్త."

"కండ్లల్లో పెట్టుకుంటా సారూ."

"లేస్తా మరి. ఇంగా రెండూర్లు తిరగాల."

"అప్పుడే లేస్తే ఎట్ల సారూ. మా ఆయన పొగడ్త ఇంగా అయిపోలా."

"అయిపోయింది లేవే. సారుకు పనుండాది."

"పనితనం చెప్పినావు, తిండి సంగతి చెప్పినావు. వాటి శుచి సంగతి చెప్పనే లేదు. పిల్లికి అంతకన్నా పెద్ద గుణం ఏముండాది? చెప్పకుంటే అలుగుతాయి."

"శుచా? పిల్లులకా? మా ఆఫీసులో రెండుండాయమ్మా. కాయితాల కట్టల మీదనే కానిస్తాయి. ఒక కట్ట ఇప్పితే ఆ పొద్దుకు ఇంగ బువ్వ తినలేం."

"నువ్వుండవే, నే చెప్తా. అయ్యి ఊర పిల్లులు సారూ. వాటితో వీటికి పోలికా? ఇన్ని దినాలాయ, ఒక్కనాడు, ఒక్కటంటే ఒక్కనాడు ఇంట్లో తడి చేసింది లేదు. పొద్దున లేస్తానే రెండూ పెరట్లోకి పోతాయి. ముందు గోళ్ళతో గుంత తవ్వుకుంటాయి. పని కానిచ్చుకుంటాయి. మళ్ళ నాలుగు పక్కల నుంచీ మన్ను లాగి కప్పుతాయి. కప్పి, వాసన సూసి, నమ్మకం కుదరకుంటే ఇంగా రవ్వంత కప్పుతాయి. అంత నున్నగ మనుషులు గూడా కప్పలేరు సారూ."

"మనుషులు కప్పలేరంటావు."

"కప్పలేరు సారూ. దాచిపెట్టే ఇద్య పిల్లికే తెలుసు."

"గుంతంటే, ఏదో పైపైన గీకుతాయేమో లే."

"గీకడమా? జానెడు లోతు తవ్వుతాయి సారూ. ఈ ఎర్రోడైతే తల గూడా లోపలికి పోతుంది."

"రోజూనా?"

"రెండు పూటలా సారూ."

"ఎప్పుడూ ఒకే చోటా?"

"ఒకే చోటు. మరిగినాయంటే ఇంగ వేరే తావు..."

"ఏమప్పా, ఆగిపోతివి?"

"ఏం లేదు సారూ. మీకు ఆలస్యమవుతాందేమోనని."

"నాకేం తొందర లేదు. నిన్న మీ ఊరి సెరువులో కరువుపని సూసినా. గడ్డపార మొన వంగింది. కూలోళ్ళు నేల దిగడంలేదని ఏడుస్తాండారు. ఊరంతా అట్లాంటి నేలైతే, పిల్లి గోటికి జానెడు లోతు మెత్తమన్ను నీ పెరట్లో యాడ దొరికిందప్పా?"

"అది... దిబ్బ సారూ. పేడదిబ్బ."

"పేడ యాడిది? మీ ఊరి గొడ్లన్నీ నల్లమల అడివికి తోలినారు గదా, మేతకు. కొట్టంలో తోక గూడా లేదు."

"పోయినేటి దిబ్బ సారూ."

"పోయినేటిదైతే అదీ ఎండి రాయవుతుంది."

"దిబ్బంటే దిబ్బ గాదు సారూ. గోడ పక్కన, స్నానాల నీళ్ళు పారే కాడ..."

"తాగేదానికి బావిలో నీళ్ళు లేవు. ఇందాక నువ్విచ్చిన చెంబులో సగం బురదే. స్నానాల నీళ్ళు పారతాండాయా మీ ఇంట్లో?"

"అది గాదు సారూ. ఏందే నాగలక్ష్మీ, గమ్మున నిలబడితివి. నువ్వన్నా చెప్పు సారుకు, పిల్లులు యాడికి పోతాయో."

"చెప్పేదెందుకు, సూపిస్తా పదండి సారూ. పార పొద్దున్నే ఆడ పెట్టొచ్చినా."